వెనక గది ఎర్ర తాళం

జూన్ 3, మంగళవారం

గుండూ,

ఇది నీకు రాస్తున్నది కాదు. నాకే రాసుకుంటున్నాను. కానీ నిన్ను పిలవకపోతే కలం కదలడం లేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన దాన్ని. ఇన్నేళ్ళలో బట్టల కొలతలు తప్ప ఇంకేమీ రాయలేదు. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. నువ్వు చూస్తే నవ్వుతావు. నవ్వుకో.

ఇవాళ చెల్లికి పిలుపు వచ్చింది. నువ్వు చదివిన సైనిక అకాడమీలోనే సీటు. నువ్వు చదివిన కరెంటు ఇంజనీరింగే. పరుగుతో సహా అన్ని పరీక్షలూ నెగ్గిందట. నాకు తెలియకుండా రాసింది. మీ నాన్నకు మాత్రం తెలుసు. ఈ ఇంట్లో వెర్రిదాన్ని నేనొక్కదాన్నే.

ఊళ్ళో కాలేజీలో కూడా అదే చదువుకు సీటు ఇచ్చారు. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలట.

ఆ మాట చెప్పినప్పుడు స్కూలు చొక్కాకు కాలర్ వేస్తున్నాను. తిరగేసి వేశాను. మొత్తం విప్పాల్సి వచ్చింది.

జూన్ 4, బుధవారం

పొద్దున్నే చిన్నది వచ్చి నా మిషన్ పక్కన నేల మీద కూర్చుంది. కింద రాలిన దారం ముక్కలు ఏరుతూ అడిగింది.

"అమ్మా, నువ్వు వెళ్ళమంటే వెళ్తాను. వద్దంటే ఊళ్ళో కాలేజీలో చేరతాను. ఏదో ఒకటి నోటితో అను."

"నీ ఇష్టం" అన్నాను.

"అది చెల్లదు. నీ భాషలో 'నీ ఇష్టం' అంటే 'వద్దు' అని."

"నా భాష నీకు తెలుసా?"

"పుట్టినప్పటి నుంచీ వింటున్నాను కదా" అంది.

నాకు భయం ఏమీ లేదు. దాని పాదాలు మెత్తన. ఆ బరువు బూట్లు పడవు. నా బాధ అంతే. పాదాల సంగతే.

జూన్ 7, శనివారం

మధ్యాహ్నం కుడుతూ కుడుతూ కునుకు పట్టింది. నువ్వు వెనక గదిలో స్టూలు మీద నిలబడి ఉన్నావు. పళ్ళ మధ్య టార్చి. రెండు చేతులూ కప్పు దగ్గర తీగల మీద. స్క్రూడ్రైవర్ ఇమ్మన్నావు. టార్చి నోట్లో ఉంది కాబట్టి మాట ముద్దగా వచ్చింది. నేను కత్తెర ఇచ్చాను. నవ్వావు. నువ్వు నవ్వితే వెలుగు గోడలన్నీ తిరిగింది. ఆ వెలుగులో గోడలు నీళ్ళలా ఊగాయి. నేను నీళ్ళలో నిలబడి ఉన్నాను, తడవలేదు.

మెలకువ వచ్చేసరికి చెంప మీద గుండీల అచ్చు.

జూన్ 8, ఆదివారం

మీ అత్త వచ్చింది. వస్తూనే వెనక గది వైపు చూసి పెదవి విరిచింది.

"ఇంకా ఆ చీకటి కొట్టు అలాగే ఉందా వదినా? ఒక్క సుత్తి దెబ్బకు ఊడే తాళానికి హారతి పట్టడం ఒక్కటే తక్కువ."

నేను టీ పెట్టడానికి లేచాను. ఈ తాళం సంగతి ఎవరితోనూ వాదించను. నీకూ నాకూ తెలిస్తే చాలు.

కిందటేడు సెలవుకు వచ్చినప్పుడు నువ్వే కదా ఆ గది తీగలన్నీ పీకింది. "ఇవి తాతల నాటివి, నీ మిషన్ మోటారు వేడికి ఎప్పుడో అంటుకుంటాయి" అన్నావు. కొత్త తీగలు సగం లాగావు. సెలవు మధ్యలోనే వెనక్కి రమ్మన్నారు. వెళ్ళే రోజు పొద్దున ఆ గదికి కరెంటు ఇచ్చే ఇనుప పెట్టె పిడి కిందికి దించి, దాని కన్నంలోంచి ఎర్ర తాళం వేశావు.

"మా దగ్గర ఇదే పద్ధతమ్మా. తీగ మీద పని చేసేవాడు కరెంటు ఆపి తన తాళం వేస్తాడు. మళ్ళీ వాడే వచ్చి తీయాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ముట్టుకోకూడదు."

"మరి నా మిషన్?"

"ముందు గదిలో పాత మిషన్ కాలితో తొక్కు. ఒళ్ళు తగ్గుతుంది."

తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళావు. అప్పటి నుంచీ తొక్కుతున్నాను. ఒళ్ళు తగ్గలేదు.

అకాడమీ వాళ్ళు పంపిన నీ పెట్టెలో బూట్లు ఉన్నాయి, పుస్తకాలు ఉన్నాయి, నేను కుట్టిన దిండు గలీబు ఉంది. తాళంచెవి లేదు.

మీ అత్త టీ తాగుతూ మళ్ళీ మొదలెట్టింది.

"అసలు అది డిగ్రీయా వదినా? పొద్దున్నే గంతులు, మధ్యాహ్నం చదువు, సాయంత్రం మళ్ళీ గంతులు. చదివించినందుకు వాళ్ళు చెప్పినన్నేళ్ళు, వాళ్ళు చెప్పిన చోట పడి ఉండాలి. ఊళ్ళో కాలేజీ అయితే దీపాలు పెట్టే వేళకు పిల్ల ఇంట్లో ఉంటుంది. తీగలో పారే కరెంటు రెండు చోట్లా ఒకటే కదా?"

చిన్నది వంటింట్లోంచి అంది. "ఒకటే అత్తా. చెయ్యి పెడితే రెండు చోట్లా కొడుతుంది."

"చూశావా దీని నోరు. అక్కడ ఇలా మాట్లాడితే ఎండలో నిలబెడతారు."

"ఇక్కడ వంటింట్లో నిలబెట్టారుగా."

నవ్వు వచ్చింది నాకు. నీ దగ్గరే నేర్చుకుంది. కానీ మీ అత్త మాటలో తప్పేముంది? ఉంటే ఎవరైనా చెప్పండి.

జూన్ 11, బుధవారం

గుడ్డ కొనేటప్పుడు వేళ్ళ మధ్య నలిపి చూస్తాను. నలిపి వదిలితే తెలిసిపోతుంది, ఉతికితే కుదించుకుపోతుందో లేదో. చదువును ఎలా నలిపి చూడాలి?

నువ్వు మూడేళ్ళు చదివావు. నాలుగో ఏడు చదవలేదు. కాబట్టి నీకు డిగ్రీ లేదు. మూడేళ్ళ చదువు ఏమైంది? ఎవరి దగ్గర ఉంది? ముప్పాతిక కుట్టిన చొక్కా నాకు వదిలేసి వెళ్తే, దాన్ని ఏం చేయాలో తెలుసు. ఇది తెలియదు.

మీ నాన్నను అడిగాను. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు.

"ఆ చదువు మంచిదేనా?"

"మంచిదే."

"ఊళ్ళోది?"

"అదీ మంచిదే."

"మీరు బస్సు కూడా ఇలాగే నడుపుతారా? రోడ్డుకు రెండు పక్కలా?"

ఆయన నవ్వలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, తువ్వాలు అలాగే మొహం మీద ఉంచుకుని అన్నారు. "వాడు కరెంటు పట్టుకుని పోలేదు. తుపాకీ దెబ్బకు పోలేదు. శిక్షణ నుంచి వస్తున్న లారీ తడి రోడ్డు మీద జారింది. ఆ రోడ్డు మీద నా బస్సు ఉన్నా జారేది. తడి రోడ్డు ఎవరి మాటా వినదు. నేను రోజూ అలాంటి రోడ్డు మీదే వెళ్తాను. నన్ను వద్దన్నావా ఎప్పుడైనా?"

ఇన్ని మాటలు ఒక్కసారి ఆయన నోట ఎప్పుడూ వినలేదు. తరువాత భోజనం చేసి పడుకున్నారు.

జూన్ 12, గురువారం

రాసేది ఏమీ లేదు. నాకు భయం లేదు.

జూన్ 15, ఆదివారం

మళ్ళీ కల. నువ్వు స్టూలు మీదే ఉన్నావు. ఈసారి టార్చి లేదు. చీకట్లో నీ చేతులు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి, పావురాల్లా. కిందికి దిగమంటే "తాళం ఉందిగా అమ్మా, ఫరవాలేదు" అన్నావు. గదంతా నానిన కొత్త గుడ్డ వాసన. నేను స్టూలు పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపు. కాళ్ళు నొప్పి పుట్టలేదు.

తాళం ఉందని నమ్మకంతో పని చేసుకుంటున్నావు. అందుకే దాన్ని తీయనివ్వను. మీ అత్తకు ఇదెలా చెప్పను?

జూన్ 16, సోమవారం

చిన్నది ఎండలో మేడ మీద చెప్పుల్లేకుండా నడుస్తోంది. ఎందుకే అంటే, పాదాలు గట్టిపడాలట. ఎవరు చెప్పారో దీనికి.

ఈ పుస్తకం మిషన్ డ్రాయర్లో దారపు డబ్బా కింద పెడతాను. ఇవాళ డబ్బా మీద ఉంది. ఎలకలు కాబోలు.

జూన్ 22, ఆదివారం

నీ స్నేహితుడు పొడుగు వచ్చాడు. అక్కడ నీ పక్క మంచం వాడు. ఇప్పుడు ఆఫీసరు. సెలవు మీద వెళ్తూ మనింటికి వచ్చాడు. గుమ్మంలో తల వంచి వచ్చాడు, వంచినా తగిలింది. నువ్వు చెప్పినంత పొడుగే.

తినడానికి పెట్టాను. చిన్నపిల్లాడిలా వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. తరువాత అడిగాను.

"బాబూ, మా అమ్మాయి అడుగుతోంది. ఆ చదువు విలువెంతో నిజం చెప్పు. నా కోసం తీపి మాటలు వద్దు."

చిన్నది గోడకు ఆనుకుని వింటోంది. వాడు దాని వైపు ఒకసారి చూసి, నీళ్ళు తాగి చెప్పాడు.

"పాఠాల సంగతి అయితే బయటి కాలేజీ వాళ్ళే నయం అమ్మా. మేము సగం పాఠాలు నిద్రలో విన్నాం. పొద్దున పరుగెత్తించి తెచ్చి లెక్కల ముందు కూర్చోబెడితే ఏం తలకెక్కుతుంది? నేను తూగితే మీవాడు పెన్సిలుతో పొడిచేవాడు. ఇదిగో, ఇక్కడ మచ్చ."

"అయితే దండగేనా?"

"దండగని అనలేను. ఇప్పుడు ఒక క్యాంపులో దీపాలు, మోటార్లు, జనరేటర్లు అన్నీ నా మీదే. మొన్న వరదల్లో ఒక ఊరి ఆసుపత్రికి మేమే కరెంటు ఇచ్చాం. పుస్తకంలో చదివింది చాలావరకు మరిచిపోయాను. చేతులు మరిచిపోలేదు. అది అక్కడిదే. కానీ ఒకటి, సెలవు అడిగితే దొరకదు. ఇల్లు గుర్తొస్తుంది. అదీ అక్కడిదే."

మీ అత్త ఉంటే ఎటూ తేల్చలేదని తిట్టేది. నాకు మాత్రం వాడి మాట నచ్చింది. గుడ్డ తిరగేసి లోపలి వైపు కూడా చూపించినట్టు ఉంది.

"అక్కడ అందరికీ గుండ్లే కదా, మావాణ్ణి ఏమని పిలిచేవారు?" అన్నాను.

వాడు గ్లాసు కింద పెట్టాడు. "'అమ్మ' అనేవాళ్ళం. అందరూ తిన్నారా లేదా అని మంచం మంచానికీ వచ్చి అడిగేవాడు. జ్వరం వచ్చిన వాడికి రొట్టె దాచిపెట్టేవాడు. పెద్ద విసుగు."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. గిన్నెలు సర్దాను. సర్దినవే మళ్ళీ సర్దాను.

తిరిగి వచ్చేసరికి వాడు ఇనుప పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. ఎర్ర తాళాన్ని వేలితో ముట్టుకోబోయి ఆగాడు.

"ఇది ఇక్కడుందా! ల్యాబ్‌లో ఒక తాళం తగ్గిందని మా అందరినీ ఎండలో మైదానం చుట్టూ తిప్పారు. వీడు కూడా మాతో పరుగెత్తాడు. నోరు విప్పలేదు, దొంగ."

చిన్నది పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. నువ్వు పోయాక మేమిద్దరం కలిసి నవ్వడం ఇదే మొదలు. నవ్వు ఆగాక చెప్పాను. "వాడే వచ్చి తీయాలన్నాడు. అందుకే అలా ఉంచాను."

"మంచి పని చేశారమ్మా" అన్నాడు. ఓదార్పుకు అన్నట్టు లేదు. టార్చి అడిగి తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. కప్పు వైపు వెలుగు వేసి చూపించాడు. రెండు తీగల చివర్లు పై తొడుగు లేకుండా వేలాడుతున్నాయి. మెరుస్తున్నాయి. "రెండు వారాల్లో మళ్ళీ సెలవు దొరుకుతుందనుకున్నాడు వాడు. వీటిని మూసే వ్యవధి లేక తాళం వేశాడు. ఎవరైనా సుత్తితో తాళం కొట్టి పిడి ఎత్తి ఉంటే..."

టార్చి ఆర్పేశాడు. చెల్లి ఆ గదిలో పైకి చెయ్యి చాచి బట్టలు తగిలించడం ఎన్నిసార్లు చూశానో.

తరువాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పాడు. తాళం వేసినవాడు రాలేకపోతే దానికీ ఒక పద్ధతి ఉందట. ముందు ఆ చోటంతా వాడి కోసం వెతకాలి. పేరు పెట్టి పిలవాలి. లోపల ఎక్కడా లేడని రూఢి చేసుకోవాలి. అప్పుడు అక్కడి పెద్ద సరేనంటే తాళం కోయవచ్చు. ఆఖరున వాడికి ఆ సంగతి చెప్పాలి.

"చెప్పడం ఎందుకు?"

"చెప్పకపోతే, తన తాళం ఉందనుకుని వాడు మళ్ళీ తీగ మీద చెయ్యి వేస్తాడు కదమ్మా."

నేను వాడి మొహంలోకి చూశాను. నా కల వాడికి ఎవరు చెప్పారు?

జూన్ 24, మంగళవారం

వెతికాను. మీ నాన్న డ్యూటీకి, చిన్నది బయటికి వెళ్ళాక, టార్చి లేకుండా వెనక గదిలోకి వెళ్ళాను. బీరువా వెనక చూశాను. చిన్నప్పుడు అక్కడే దాక్కునేవాడివి. మోటారు మిషన్ మీద కప్పిన దుప్పటి ఎత్తి చూశాను. దుమ్ములో నా చేతి అచ్చు పడింది. ప్రతి మూలకూ తిరిగి పిలిచాను. గుండూ. గుండూ. నీ అసలు పేరుతో కూడా పిలిచాను, బళ్ళో పిలిచినట్టు. కిటికీ సందులోంచి ఎండ సన్నగా పడుతోంది. అందులో దుమ్ము తేలుతోంది, తొందర లేకుండా. ఆ దుమ్ము కేసి చూస్తూ నిలబడితే గది మెల్లగా కదులుతున్నట్టుంది, ఎటో ప్రయాణం పోతున్నట్టుంది.

నువ్వు పలకలేదు.

జూన్ 25, బుధవారం

మళ్ళీ వెతికాను.

జూన్ 26, గురువారం

మళ్ళీ. లేవు.

జూన్ 28, శనివారం

పొడుగు మళ్ళీ వచ్చాడు. పెద్ద కత్తెర లాంటిది తెచ్చాడు, ఇనుము కోసేది. మీ నాన్న డ్యూటీ మార్చుకుని ఇంట్లో ఉన్నారు.

"నువ్వు కొయ్యి బాబూ, ఆ తీగల పని కూడా నువ్వే చూడు" అన్నాను.

"పని నేను చేస్తానమ్మా" అంది చిన్నది. "అన్న సగం చేసేటప్పుడు స్టూలు పట్టుకున్నది నేనే."

నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను. పొడుగు అన్నాడు. "నేను పక్కనే ఉంటాను. కానీ పని చేసేది తనైతే, ముందు తన తాళం పడాలి."

చిన్నది పరుగున వెళ్ళి తన సైకిల్ తాళం తెచ్చింది. ఆ పిడి కన్నంలోనే, నీ ఎర్ర తాళం పక్కన, తన తాళం వేసింది. చెవి మెడలో దారానికి కట్టుకుంది. రెండు తాళాలు కాసేపు పక్కపక్కన ఉన్నాయి. చిన్నప్పుడు ఒకే దుప్పట్లో మీరిద్దరూ పడుకున్నట్టు.

"వెతికారా అమ్మా?" అని అడిగాడు పొడుగు.

"వెతికాను. లేడు."

"ఈ ఇంట్లో పెద్ద ఎవరు?"

మీ నాన్న నన్ను చూపించారు. సిగ్గు లేకుండా, వెంటనే.

"తియ్యి" అన్నాను.

టక్కున తెగింది. అంత చిన్న చప్పుడు. నేనేదో పెద్దది వినిపిస్తుందనుకున్నాను.

చిన్నది స్టూలెక్కింది. తీగకు టెస్టర్ పెట్టి చూసింది, బల్బు తగిలించి కరెంటు లేదని మళ్ళీ చూసింది, ఆ తరువాతే వేళ్ళు పెట్టింది. పళ్ళ మధ్య టార్చి. మాట ముద్దగా "స్క్రూడ్రైవర్" అంది. ఈసారి స్క్రూడ్రైవరే ఇచ్చాను. స్టూలు రెండు చేతులా పట్టుకున్నాను. కాళ్ళు నొప్పి పుట్టాయి. దాని మెత్తని పాదాలు నా మొహం ముందే ఉన్నాయి. అంత మెత్తగా లేవు ఇప్పుడు.

పని అయ్యాక దిగింది. తాళం తీస్తానని పొడుగు చెవి అడిగితే నేనే ఆపాను. "దానిది అదే తీయాలి."

అది మెడలోంచి చెవి తీసి తన తాళం తనే తీసుకుంది. పిడి ఎత్తింది. గది ఒక్కసారి తెల్లబడింది. నా మోటారు మిషన్, దుప్పటి, బీరువా, మీ నాన్న, అన్నీ కొత్తగా పుట్టినట్టు నిలబడ్డాయి.

దాని మొహానికంతా దుమ్ము. నా వైపు చూస్తోంది. ఏమీ అడగలేదు. నాలుగు వారాలుగా అడుగుతూనే ఉంది కదా.

"వెళ్ళు" అన్నాను. "నీ తాళం నువ్వే వచ్చి తియ్యాలి. అలా అయితేనే వెళ్ళు."

"వస్తాను" అంది.

ఆ చదువు విలువ నాకింకా తెలియదు. నీకు డిగ్రీ లేదు. కానీ నువ్వు నేర్చుకున్న దాంట్లోది ఏదో ఇన్ని నెలలు మా తలల మీద చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. దాన్ని ఏ కాగితం మీద రాస్తారో నాకు తెలియదు. నాకు తెలిసింది నలిపి చూడటమే. నలిపి చూశాను. కుదించుకుపోలేదు.

ఇక ఆఖరి పని. గుండూ, విను. నీ తాళం తీసేశాం. తీగలో కరెంటు ఉంది. ఇక చెయ్యి పెట్టకు నాన్నా. పని పూర్తయింది, చెల్లి చేసింది. స్టూలు దిగు. వచ్చి కూర్చో.

జూన్ 29, ఆదివారం

కల రాలేదు.

జూలై 5, శనివారం

రేపు పొద్దున్నే చిన్నది బయలుదేరుతుంది. మీ నాన్న తీసుకెళ్తారు. తన బస్సు కాదు కాబట్టి దారి పొడుగునా ఆ డ్రైవర్‌కు వంకలు పెడతారు. మీ అత్త వచ్చి కళ్ళు తుడుచుకుంది, తరువాత పెట్టె సర్దడం రాదని దాన్ని తిట్టింది.

సాయంత్రం చిన్నది సైకిల్ వరండాలో నిలబెట్టి తాళం వేసి, చెవి పర్సులో పెట్టుకుంది. ఎవరూ ముట్టుకోకూడదట. వరండాలో సగం చోటు పోయింది. రోజూ కాలికి తగులుతుంది. తగలనీ.

నేను మోటారు మిషన్ మీద కుడుతున్నాను. వేగం మరిచిపోయాను, కుట్టు పరుగెత్తి పోతోంది.

ఈ పుస్తకం ఇవాళ కూడా దారపు డబ్బా మీదే ఉంది. మనింట్లో ఎలకలకు చదవడం వచ్చినట్టుంది. పాదాల మాట నేను నోటితో ఎవరికీ చెప్పలేదే చిన్నా. రేపు వెళ్ళే ముందు కూడా డ్రాయర్ తీస్తావని తెలుసు. అందుకే నీకు ఎదురుగా చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

అన్నను అక్కడ ఏమని పిలిచారో విన్నావు కదా. నువ్వు అలా మంచం మంచానికీ తిరగక్కర్లేదు. ముందు నీది నువ్వు చూసుకో. వేడిగా ఉన్నప్పుడే కూర్చుని, కడుపు నిండా తిను.